మూడు గజాల తీగ

రాహేలమ్మ పాట తప్పిన రోజు ఎవరూ రాహేలమ్మ వైపు చూడలేదు. అందరూ మా నాన్న వైపు చూశారు.

అది 2005 వేసవి. బాపట్లలో ఒక ఇంటి ముందు షామియానా కింద ఆదరణ కూడిక జరుగుతోంది. మనిషిని భూస్థాపన చేశాక కొద్ది రోజులకి బంధువులూ సంఘం వాళ్లూ కూడి, పాడి, ప్రార్థన చేసి ఆ ఇంటివాళ్లని ఓదార్చే కూడిక. మైకు మాది. నేను ఆడవాళ్ల వైపు, యాంప్లిఫయర్ పెట్టె పక్కన కూర్చున్నాను. రెండో చరణంలో రాహేలమ్మ పైకి వెళ్లింది. దిగాల్సిన చోట దిగలేదు, కొంచెం పక్కకి దిగింది. డోలక్ వాయించే ఆయన చెయ్యి ఆగి మళ్లీ కదిలింది. ముందు వరసలో ఏడుస్తున్న ఒకామె ఏడుపు ఆపి తలెత్తి చూసింది.

పాట అయ్యాక సంఘ పెద్ద లూకా గారు అందరికీ వినపడేలా అన్నారు. "మైకులో ఏదో తేడా ఉంది. ఇరవై ఏళ్లుగా వింటున్నాం, రాహేలమ్మ గొంతు తప్పడమేంటి? షుకూరూ, నీ సెట్టు చూసుకోవయ్యా."

"మైకు తప్పు పాడుద్దా అండీ?" అన్నాడు మా రిక్షా తొక్కే సుందరయ్య. "మైకే పాడేటట్టయితే రాహేలమ్మ గారెందుకు, దాన్నే సంఘంలో చేర్చుకోండి."

కొందరు నవ్వారు. లూకా గారు నవ్వలేదు. నాన్న జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి అక్కడే, అందరి ముందూ, యాంప్లిఫయర్ మూత విప్పాడు. అది ఆయన పద్ధతి. ఎవరైనా సెట్టుని అనుమానిస్తే వాదించడు, విప్పి చూపిస్తాడు. లోపల దుమ్ము కూడా ఉండదు. ప్రతి శుక్రవారం నమాజుకి వెళ్లే ముందు మెత్తని బ్రష్షుతో ఆయనే తుడుస్తాడు.

"ఏం లేదండి, బాగానే ఉంది," అన్నాడు.

"బాగుంటే ఇలా ఎందుకొచ్చింది?" అన్నారు లూకా గారు.

మాది తెనాలి. నా పేరు షాహీన్. నాన్న పేరు అబ్దుల్ షుకూర్. ఇంట్లో ఆయన్ని అబ్బా అంటాం కానీ, నేను చదివింది తెలుగు బడి, రాసేటప్పుడు నాన్న అనే వస్తుంది. తొమ్మిదో తరగతి సగంలో అమ్మకి పక్షవాతం వచ్చి మంచం పట్టింది, నేను బడి మానేశాను. ఇంటి ముందు గదే మా మైక్ సెట్ షాపు. వెనక గదికీ దానికీ మధ్య ఒక పరదా. ఆ పరదా వెనక కూర్చుని అమ్మకి గంజి తాగిస్తూ, తెగిన తీగలకి టంకం పెడుతూ షాపులోకి వచ్చే వాళ్లందర్నీ చూసేదాన్ని. పదిమందిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. చూడటం మాత్రం బాగా వచ్చు. ఎవరు దేనికోసం వచ్చి ఇంకేదో అడుగుతున్నారో చెప్పగలను. ఆడవాళ్లు ఎక్కువగా ఉండే కూడికలకి నాన్న నన్ను తోడు తీసుకెళ్లేవాడు.

రాహేలమ్మ పుట్టింది రేపల్లె. పెళ్లయి తెనాలి వచ్చింది, భర్త తొందరగా పోయాడు. దుగ్గిరాలలో పసుపు కొమ్ములు ఏరే పనికి వెళ్లేది. ఎప్పుడు చూసినా ఆమె వేళ్ల సందులు పచ్చగా ఉండేవి. ఎవరింట్లో మనిషి పోయినా కబురొస్తే పని వదిలి వెళ్లేది. పాటకి డబ్బు పుచ్చుకోదు. చీర పెడితే తీసుకుంటుంది, అన్నం పెడితే తింటుంది.

ఆమె గొంతు తియ్యగా ఉండదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఆమెని వినని వాళ్లు తియ్యటి గొంతునే ఊహించుకుంటారు. కొంచెం గరుకు. కింద పాడుతుంటే పక్కింట్లో ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పైకి వెళ్లేటప్పుడు అందరి గొంతులూ సన్నబడతాయి, ఆమెది లావవుతుంది. అప్పుడు ఏడవని వాళ్లని నేను చూడలేదు. భార్య పోయినా రాయిలా కూర్చున్న ఒక రైల్వే ఆయన, రాహేలమ్మ మూడో చరణం ఎత్తుకోగానే చెప్పులు విడిచి నేల మీద కూర్చుండిపోయాడు. నా తొమ్మిదో ఏట మొదటిసారి విన్నాను. మా మతం కాదు, మా పాట కాదు, చనిపోయిన వాళ్లెవరో నాకు తెలీదు. అయినా ఆ రోజు పోయిన మా నానీ, అమ్మ వాళ్లమ్మ, గుర్తొచ్చి రిక్షా వెనక నిలబడి ఏడ్చాను.

చివరి మాటకి ముందు ఆమె ఆగుతుంది. ఒక్క ఊపిరి. ఆ ఆగడం కోసం జనం ఎదురు చూస్తారు. తెనాలి నుంచి రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా, పాటలు పాడే ఆడపిల్లలందరూ ఆ ఆగడం నేర్చుకున్నారు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని పాడే పిల్ల కూడా చివరి మాటకి ముందు ఆగుతుంది. అది కళ అనుకుంటారు. నిజానికి రాహేలమ్మ అలా ఆగడం నేర్చుకున్నది భూస్థాపన ఊరేగింపుల్లో, రిక్షా పక్కన నడుస్తూ. ఎండలో నడిచేటప్పుడు ఊపిరి అందక ఆగేది. తర్వాత కూర్చుని పాడినా అదే అలవాటైంది.

ఊరేగింపు అంటే ఇలా ఉంటుంది. ముందు శవపేటిక, వెనక మా రిక్షా. రిక్షా సీటు మీద బ్యాటరీ, యాంప్లిఫయర్. పైన కట్టిన ఇనప కమ్మీకి రెండు హారన్లు, గంట మూతిలా వెడల్పుగా ఉండేవి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. కుడి పక్కన చేతిలో మైకు పట్టుకుని రాహేలమ్మ. సమాధుల దొడ్డి దాకా ఆమె అలా పాడుతూ నడుస్తుంది.

బాపట్ల తర్వాత నెల తిరక్కుండా రేపల్లెలో మళ్లీ తప్పింది. ఈసారి పాట మొదట్లోనే. నాన్న మళ్లీ మూత విప్పాడు. ఈసారి ఎవరూ లోపలికి చూడలేదు. నేను ఆడవాళ్ల మధ్య తల వంచుకుని కూర్చున్నాను. వెనక ఎవరో అన్నారు. "వాళ్ల పాటా ఏంటమ్మా, వాళ్లకి పట్టింపు ఉండటానికి? పాత సామాను తెచ్చి పడేస్తారు."

"ష్, ఆ పిల్ల ఇక్కడే ఉంది."

"ఉంటే ఉంది. నేనేం అబద్ధం చెప్పానా?"

తిరిగి వచ్చేటప్పుడు నాన్నకి చెప్పలేదు. కానీ ఆయనా వినే ఉంటాడు. ఆ రాత్రి నుంచి ఆయన కూడా అందర్నీ అనుమానించడం మొదలుపెట్టాడు. బాపట్లలో కొత్తగా పెద్ద బాక్సులతో సౌండ్ సిస్టం పెట్టిన వాళ్లు ఎవరినైనా పంపి తీగలు లాగిస్తున్నారేమో అన్నాడు. సుందరయ్య బ్యాటరీని ఎండలో పెట్టాడేమో అన్నాడు. సుందరయ్యకి కోపమొచ్చి, "పదేళ్లుగా తొక్కుతున్నాను, ఇప్పుడు నేను దొంగనయ్యానా భాయ్?" అని రెండు రోజులు రాలేదు.

నేను మాత్రం రాహేలమ్మని అనుమానించాను.

కారణం ఉంది. రేపల్లెలో పాటకి ముందు నాన్న ఆమె ఎడమ పక్క నిలబడి, "అక్కా, మైకు వినపడుతోందా?" అని అడిగాడు. ఆమె తలూపి, "బాగుంది తమ్ముడూ," అంది. అప్పటికి నేను మీట వేయలేదు. నా వేలు ఇంకా మీట మీదే ఉంది.

అప్పట్నుంచి ఆమెని వదలకుండా చూశాను. ఎక్కడ కూర్చున్నా గోడ ఎడమ వైపు ఉండేలా కూర్చుంటుంది. ఎవరైనా మాట్లాడితే పెదాల వైపు చూస్తుంది. పిల్లలు ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకదు, వాళ్లు కొంగు లాగితే నవ్వుతుంది. ఒక రోజు తెనాలిలోనే ఒక కూడికలో ఆమె ఎడమ పక్కకి వెళ్లి, మామూలు గొంతుతో, "పెద్దమ్మా, మీ కుచ్చిళ్లు ఊడిపోతున్నాయి," అన్నాను. అంతమంది మధ్య ఆ మాట వింటే ఏ ఆడదైనా చప్పున కిందికి చూసుకుంటుంది. మా పక్కనున్న ముగ్గురు చూసుకున్నారు కూడా. రాహేలమ్మ ముందుకే చూస్తూ కూర్చుంది.

తర్వాత సిగ్గేసింది. అంత పెద్ద మనిషిని నేను పరీక్ష పెట్టడమేంటి అనిపించింది. కానీ తెలిసిపోయింది. ఎడమ చెవి పోయింది. డేరాల కింద హారన్లు దూరంగా, స్తంభాలకి కట్టి ఉంటాయి. జనం గొంతులు, డోలక్కు కలిసిపోతే తన గొంతు తనకి సరిగా అందడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మా సెట్టుని తిట్టనిస్తోంది. చాలా కోపం వచ్చింది. నేను నోరు విప్పితే నాన్న పేరు నిలబడుతుంది. విప్పితే ఆమెని ఇక ఎవరూ పాటకి పిలవరు. చెవి వినపడని మనిషి పాటేంటి అంటారు. విప్పాలో వద్దో తేలకుండానే రోజులు గడిచాయి.

ఇంతలో లూకా గారే వచ్చారు షాపుకి. నేను పరదా వెనక ఉన్నాను.

"మా పాత పాస్టరు దేవసహాయం గారు పోయి వచ్చే నెలకి ఏడాది. బాపట్లలో జ్ఞాపకార్థ కూడిక. నాలుగూళ్ల పాస్టర్లు వస్తారు. చీరాల నుంచి ఒక అమ్మాయి ఉంది, క్యాసెట్టు మ్యూజిక్ పెట్టుకుని పాడుతుంది, బాగా పాడుతుంది. అక్కడి సౌండ్ వాళ్లే అన్నీ చూసుకుంటామంటున్నారు."

"మరి రాహేలక్క?" అన్నాడు నాన్న.

"దేవసహాయం గారి భార్య రాహేలమ్మే పాడాలంటోంది. అందుకే వచ్చాను. ఈ ఒక్కసారి నీ సెట్టే పెట్టు. తేడా వచ్చిందా, ఇక మా కూడికలకి నిన్నూ పిలవం, ఆమెనీ పిలవం. మొహమాటం లేకుండా చెబుతున్నాను."

"నా సెట్టులో లోపం లేదండి."

"నువ్వు అలాగే అంటావులే, షుకూరూ."

ఆయన వెళ్లాక నాన్న యాంప్లిఫయర్ మూత మళ్లీ విప్పాడు. మా పనిలో సగం పైగా ఆ సంఘాలదే.

కూడిక రోజు పొద్దున్నే తెనాలి నుంచి సామాను ప్యాసింజరు రైల్లో ఎక్కించాం. నాన్నకి చెప్పకుండా షాపులో మూల పడి ఉన్న చిన్న స్పీకరు బాక్సు ఒకటి గోనెసంచిలో చుట్టి తెచ్చాను. దానికి రెండు రోజుల ముందే కొత్త తీగ అతికించి, అమ్మ మంచం పక్కన పెట్టి పరీక్షించాను. అమ్మ ఉలిక్కిపడి నన్ను తిట్టింది.

బాపట్లలో నాన్న బయట హారన్లు కడుతుండగా, ఆ బాక్సుని రాహేలమ్మ నిలబడే చోటికి కుడి పక్క, నేల మీద, ఆమె గొంతు ఆమెకే వినపడేలా మొహం వైపు తిప్పి పెట్టాను. మైకు వెనక వైపు పడేలా, శబ్దం తగ్గించి. ఎక్కువైతే మైకు కుయ్యిమంటుంది. ఆమె వచ్చి ఆ బాక్సు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు. దొంగతనం బయటపడ్డ మనిషి చూపు అది. "ఎవరికి చెప్పావు?" అని అడుగుతున్నట్టే ఉంది. నేను తల అడ్డంగా ఊపాను. నమ్మిందో లేదో.

లూకా గారి కన్ను కూడా దాని మీదే పడింది. "ఏయ్ అమ్మాయ్, ఇదేంటి ఇక్కడ? జనం వైపు ఉండాల్సిన బాక్సు రాహేలమ్మ వైపు పెట్టావేంటి? ఎప్పుడూ లేదే?"

నలుగురు పాస్టర్లు తల తిప్పారు. ముందు వరస ఆడవాళ్లూ. నాన్న బయట నుంచి తీగ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి, తనకీ తెలీక, నా వైపే చూశాడు. రాహేలమ్మ మైకుని రెండు చేతులతో పట్టుకుంది. ఆమె వేళ్లు పచ్చగా ఉన్నాయి.

"పాత సెట్టులో లోపం ఉందండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నాన్నకి తెలీదు. నేను ఇప్పుడే పట్టుకున్నాను. ఇది పెడితే సరిపోద్దండి."

"చూశారా! నేను మొదట్నుంచీ చెబుతున్నాను," అన్నారు లూకా గారు.

స్క్రూడ్రైవర్ కోసం జేబు మీదికి వెళ్లిన నాన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

రాహేలమ్మ పాడింది. కుడి చెవి కొంచెం కిందికి వంచి, కళ్లు మూసుకుని. మొదటి చరణంలో నేను మీట మీద నుంచి వేలు తీయలేదు, ఎక్కడ తప్పుతుందో అని. తప్పలేదు. మూడో చరణంలో పైకి వెళ్లింది, గొంతు లావైంది, వెళ్లిన చోట నిలబడింది. దేవసహాయం గారి భార్య లేచి నిలబడి రెండు చేతులూ ముందుకి చాచింది, ఎవరో వచ్చి అందుకుంటారన్నట్టు. చివరి మాటకి ముందు రాహేలమ్మ ఆగినప్పుడు డేరా మీద కాకి నడిచే చప్పుడు వినపడింది. నేను అప్పటిదాకా ఆమె మీద పెట్టుకున్న కోపం ఏమైందో నాకు తెలీదు.

కూడికయ్యాక లూకా గారు నాన్న భుజం తట్టారు. "ఇన్నాళ్లూ పాడు మైకు పెట్టి ఆమె పేరు చెడగొట్టావు కదయ్యా. పోనీలే, నీ కూతురు తెలివైంది."

రైల్లో నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నిడుబ్రోలు దాటాక ఒక్కటే అడిగాడు. "నా సెట్టులో లోపం ఏంటి, బేటీ?"

నేను గోనెసంచి ముడి విప్పి మళ్లీ కట్టాను. ఇంటికి వచ్చాక యాంప్లిఫయర్ బల్ల మీద పెట్టి ప్రతి ముక్కా విప్పాడు. మర్నాడూ అదే పని. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే, "నువ్వు పట్టుకున్న లోపం నాకు కనపడట్లేదు, అది కనపడ్డాక తింటాను," అన్నాడు. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆ రోజు కొట్టినా బాగుండేది.

మూడో రోజు రాహేలమ్మ షాపుకి వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు, కబురే పంపేది. కుర్చీ లాక్కుని, కుడి చెవి నాన్న వైపు ఉండేలా కూర్చుంది. నేను పరదా వెనక నుంచి బయటికి వచ్చి నిలబడ్డాను.

"ఆ పెట్టె మూసెయ్యి తమ్ముడూ. అందులో ఏం లేదు. పాడైంది నేను." చెవి మీద చెయ్యి వేసి చూపించింది. "నీ కూతురికి తెలుసు. ఆ పిల్ల నా పరువు కాపాడి నీ పరువు తీసింది."

నాన్న నన్ను చూశాడు. తర్వాత ఆమెని.

"ఎన్నాళ్లయింది అక్కా?"

"రెండేళ్లు దాటింది. గుంటూరులో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. పెద్ద శబ్దం పక్కన చాలా ఏళ్లు పని చేశావా అన్నాడు. మిల్లులోనా అన్నాడు. కాదండి, పాటలు పాడతాను అన్నాను. నవ్వాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు? నన్ను అంతమందీ అంటుంటే..."

"చెబితే నువ్వు నాకు మైకు కట్టవు. నాకు తెలుసు నీ సంగతి. నువ్వు కట్టకపోతే నాకు పాట లేదు. అందుకని నిన్ను అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. అది తప్పే. తప్పని తెలిసే కూర్చున్నాను."

"నేనెందుకు కట్టను?" అన్నాడు నాన్న. అని, ఆగిపోయాడు. ఆయన చూపు గోడకి తగిలించిన తీగ చుట్ట మీదికి వెళ్లింది. రిక్షా మైకు తీగ అది. నాకూ అప్పుడే తట్టింది. అన్ని రోజులు ఆమెని కనిపెట్టి చూసిన దాన్ని, మా గోడ మీద ఉన్నదాన్ని చూడలేదు.

ఒకప్పుడు ఆ తీగ పొడుగ్గా ఉండేది. ఊరేగింపులో జనం కాళ్ల కింద పడి తెగిపోతోందని నాన్నే దాన్ని మూడు గజాలకి కత్తిరించాడు. అప్పట్నుంచి మైకు పట్టుకున్న మనిషి రిక్షాని ఆనుకునే నడవాలి. పైన వెనక్కి తిప్పిన హారన్ ఆమె చెవికి మూరెడు దూరంలో ఉండేది. పదిహేనేళ్లు, మూడూళ్ల సమాధుల దాకా.

"ఏ చెవి?" అన్నాడు నాన్న. ఆమె ముందే చూపించింది, అయినా అడిగాడు.

"ఎడమది."

"నువ్వు రిక్షాకి కుడి పక్కన నడుస్తావు."

"అవును."

నేను టీ పెట్టి తెచ్చాను. లోపలి నుంచి అమ్మ, "ఎవరొచ్చారే?" అని అడుగుతోంది. రాహేలమ్మ టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "లూకా గారితో నేనే చెబుతాను, సెట్టు మంచిదేనని," అంది.

"వద్దు," అన్నాడు నాన్న. "మా అమ్మాయి చెప్పిందే ఉంచుదాం."

మర్నాడు ఆయనే లూకా గారింటికి వెళ్లాడు. నేను వెంట వెళ్లాను. "మీరన్నది నిజమేనండి, లోపం ఉంది, బాగుచేశాను," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం నేను చూసింది అదొక్కసారే, అదైనా సగమే అబద్ధం. లూకా గారు కళ్లు చిన్నవి చేసి, "ఏంటా లోపం?" అన్నారు.

"తీగ పొట్టిదైంది," అన్నాడు నాన్న.

ఆయన ఇంకా ఏదో అడగబోయారు. నాన్న సలాం చెప్పి మెట్లు దిగేశాడు.

ఆ వారం కొత్త తీగ కొన్నాడు. షాపు ముందు బజార్లోనే నిలబడి బారలు బారలుగా కొలిచాడు. సుందరయ్య ఒక కొస పట్టుకుని, "ఏంటి భాయ్, రేపల్లె దాకా లాగుతావా?" అన్నాడు. పదిహేను గజాలు ఉంచాడు. హారన్లు రెండూ ముందుకే తిప్పి కట్టాడు.

అంత పొడుగు తీగ మళ్లీ జనం కాళ్ల కింద పడుతుంది. ఎవరో ఒకరు దాన్ని ఎత్తి పట్టుకుని నడవాలి. మొదటి ఊరేగింపు తెనాలిలోనే వచ్చింది, పొద్దున పదింటికి. నేను చున్నీ తల మీదికి లాక్కుని తీగ భుజాన వేసుకున్నాను. ముందు రిక్షా, చాలా వెనక రాహేలమ్మ, మధ్యలో నేను. బజారంతా చూస్తోంది. "ఎవరే ఆ పిల్ల? సాయెబుల పిల్ల కాదూ? దీనికేం పని ఇక్కడ?" అని అరుగు మీద ఎవరో అంటున్నారు.

రాహేలమ్మ నా ఎడమ పక్కకి వచ్చింది. నేను తన కుడి వైపు ఉండేలా చూసుకుని, "గట్టిగా పట్టుకో," అంది. పాట ఎత్తుకుంది.